రస్ట్ వస్తే సి చదవనక్కరలేదా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో రస్ట్ భాషతో పనిచేయాలని ఉంది. ఇక సి భాష మానేయవచ్చా?

జవాబు: మానేయకండి. మీరు కోరుకున్న పనిలో ఎక్కువ కాలం గడిచేది సి కోడ్ చదవడంలోనే. లినక్స్‌లో రస్ట్‌కు చోటు దక్కింది 2022 డిసెంబరులో, 6.1 వెర్షన్‌తో. కెర్నెల్ మాత్రం 1991 నుంచి సిలోనే పెరిగింది. రస్ట్‌లో డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే కోడ్, రాయాలంటే అది వాడే సి ఫంక్షన్లకు ముందుగా ఎవరో ఒకరు ర్యాపర్, అంటే తొడుగు, తయారుచేయాలి.

సి ఫంక్షన్ల వివరాలుండే హెడర్ ఫైళ్లు చదివి రస్ట్ డిక్లరేషన్లు ఇచ్చే పని బైండ్‌జెన్ అనే సాధనం చూసుకుంటుంది. చిక్కంతా హెడర్‌లో రాయని షరతులతోనే. ఈ పాయింటర్ చూపే మెమరీని ఎవరు విడుదల చేయాలి? ఏ లాక్ పట్టుకుని పిలవాలి? కొన్ని కామెంట్లలో దొరుకుతాయి, కొన్ని మెయింటెయినర్ల, అంటే ఆ కోడ్ బాగోగులు చూసేవాళ్ల, బుర్రల్లోనే ఉంటాయి.

కెర్నెల్ బయటే ఒక ఉదాహరణ చూడండి. ఫైలు తెరిస్తే ఓపెన్ కాల్ ఒక అంకె ఇస్తుంది, 3 అనుకుందాం. దాన్ని మూసేశారు. ఇంతలో అదే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే మరో థ్రెడ్ ఇంకో ఫైలు తెరిచింది. ఖాళీగా ఉన్న అతి చిన్న అంకె కాబట్టి దానికీ 3 వచ్చింది. మీ కోడ్ పొరపాటున 3ను రెండోసారి మూసింది. పోయింది అవతలివాళ్ల ఫైలు! సి కంపైలర్ కిక్కురుమనదు. రస్ట్‌లోని ఓన్డ్‌ఎఫ్‌డీ అనే టైప్ ఆ అంకెకు ఒక్కరినే యజమానిగా ఉంచుతుంది. యజమాని పరిధి దాటగానే ఫైలు తనంతట తానే మూతపడుతుంది. చేతులు మారిన అంకెను పాత పేరుతో ముట్టుకుంటే కోడ్ కంపైల్ కాదు.

అయితే మామూలు అంకెను ఆ టైప్‌లోకి మార్చే చోట అన్‌సేఫ్ అని రాయక తప్పదు. 'దీనికి వేరే యజమాని లేడు' అని అక్కడ హామీ ఇచ్చేది మీరే. అది అబద్ధమైతే కంపైలర్ పట్టుకోలేదు. సి తెలియాలన్నది ఇందుకే.

అచ్చంగా ఈ పనికే ఉద్యోగాలు తక్కువ, అది దాచను. కానీ ఆండ్రాయిడ్‌లో ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే బైండర్ డ్రైవర్‌ను రస్ట్‌లో తిరిగి రాశారు. ఎంబెడెడ్ రంగంలోనూ, అంటే పరికరాల్లో ఇమిడే చిన్న కంప్యూటర్ల పనిలోనూ, ఈ నైపుణ్యం అక్కరకొస్తుంది.

ఈ సెలవుల్లో ఓపెన్, రీడ్, క్లోజ్‌లకు మీరే ఒక తొడుగు రాయండి. తర్వాత కెర్నెల్ సోర్సులోని రస్ట్ ఫోల్డర్ తెరవండి. అక్కడ ప్రతి అన్‌సేఫ్ బ్లాకు పైనా, అది ఎందుకు సురక్షితమో చెప్పే సేఫ్టీ కామెంట్ ఉండాలన్నది నియమం. మీ కోడ్‌లోనూ అలాగే రాయండి. ఎక్కడ కలం ఆగిందో, ఆ సి ఫంక్షన్‌ను మళ్లీ మొదటి నుంచి చదవండి.