ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మొదలవక ముందే ఎనిమిది డివిజన్ల విజేతలను ఊహించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: డాలస్ కొత్తగా వచ్చారు, ఆఫీసులో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మీద పూల్ (ఎవరు ఎక్కువ సరిగ్గా ఊహిస్తారన్న పందెం) పెట్టారు, సెప్టెంబరులో ఆటలు మొదలయ్యేలోపు ఎనిమిది డివిజన్లలో ఎవరు గెలుస్తారో షీట్ మీద రాసి ఇవ్వాలి. పోయినేడు గెలిచినవాళ్లనే దించేస్తే సరిపోదా, మన డాలస్ టీమ్ కౌబాయ్స్ పేరు రాయకపోతే మేనేజర్ ఏమన్నా అనుకుంటాడా అని అడిగారు. నేను ఫ్రిస్కోలో ఉంటాను, కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరే. ఇలాంటి షీట్ ప్రతి ఆగస్టులో నింపుతుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఆట రూల్స్ జోలికి పోను, అవి మెల్లగా అవే వచ్చేస్తాయి.

ముందు దించేయడం సంగతి. 2023 విజేతల పేర్లనే 2024 షీట్‌లో రాసినవాళ్లకు ఎనిమిదిలో ఆరు కరెక్ట్ అయ్యాయి. బిల్స్, రేవెన్స్, టెక్సన్స్, చీఫ్స్, లయన్స్, బక్కనీర్స్ మళ్లీ గెలిచారు, ఈగల్స్, రామ్స్ మాత్రమే కొత్తగా వచ్చారు. మా ఆఫీసులో ఆ ఏడాది ఏమీ చదవకుండా రాసినవాళ్లంతా పండితులైపోయారు. అదే ధైర్యంతో 2025లోనూ పాత పేర్లే రాసినవాళ్లకు వచ్చింది ఒకే ఒక్కటి, ఈగల్స్. మిగతా ఏడు డివిజన్లూ చేతులు మారాయి: పేట్రియట్స్, స్టీలర్స్, జాగ్వార్స్, బ్రాంకోస్, బేర్స్, పాంథర్స్, సీహాక్స్. అంటే పాత పట్టిక నమ్మదగినదా కాదా అన్నది కూడా ఏడాదిని బట్టి మారుతుంది, అదే అసలు తలనొప్పి.

అందుకే నేను ఎనిమిది డివిజన్లకూ ఒకే రూల్ పెట్టను. ఒక్కో డివిజన్‌ను విడిగా తీసుకుని, ఇక్కడ పోయినేడు గెలిచినవాడు ఎలా గెలిచాడు, ఆఖరున ఉన్నవాడు ఎందుకు ఆఖరున ఉన్నాడు అని చూస్తాను. నా పద్ధతి మొత్తం ఈ రెండు ప్రశ్నలే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఐపీఎల్‌లో లాగా ఒకటే పాయింట్ల పట్టిక కాదిక్కడ. 32 టీమ్‌లు, రెండు కాన్ఫరెన్స్‌లు (ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ), ఒక్కోదాంట్లో ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని నాలుగేసి డివిజన్లు, డివిజన్‌కు నాలుగేసి టీమ్‌లు. 2002 నుంచి ఇదే అమరిక. డివిజన్ గెలిస్తే ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయం, ఎన్ని మ్యాచ్‌లు ఓడినా సరే. ఒక టీమ్ ఆడే 17 మ్యాచ్‌లలో ఆరు తన డివిజన్ వాళ్లతోనే. ఇంకో ఎనిమిది మ్యాచ్‌లలో ఎదురయ్యే టీమ్‌లు నలుగురికీ ఒకటే. తేడా అంతా మిగిలిన మూడింట్లో ఉంటుంది, అవి పోయినేడు ఏ స్థానంలో నిలిచారన్న దాన్ని బట్టి పడతాయి. మొదటి స్థానం వాడికి మొదటి స్థానాల వాళ్లు, ఆఖరివాడికి ఆఖరివాళ్లు తగులుతారు. మూడు మ్యాచ్‌లే కదా అనిపిస్తుంది, కానీ డివిజన్లు చాలాసార్లు ఒక్క మ్యాచ్ తేడాతోనే తేలిపోతాయి.

ఇప్పుడు గెలిచినవాడు ఎలా గెలిచాడన్నది. గెలుపోటముల రికార్డు కన్నా పాయింట్ల తేడా నిజం చెప్తుంది. సీజన్ మొత్తంలో ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎన్ని ఇచ్చారు అన్నది. దీనికి 2022 వైకింగ్స్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 13-4తో (పదమూడు గెలిచి నాలుగు ఓడి) ఎన్‌ఎఫ్‌సీ నార్త్ గెలిచారు, కానీ సీజన్ మొత్తం కొట్టినవి 424, ఇచ్చినవి 427. పదమూడు గెలిచిన టీమ్‌కు మైనస్ మూడు! ఎనిమిది పాయింట్లలోపు తేడాతో ముగిసిన మ్యాచ్‌లు పదకొండు ఆడితే పదకొండూ గెలిచారు, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు. మరుసటి ఏడాది 7-10. సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ టీమ్ ఎటాక్‌ను నడిపించేవాడు) కర్క్ కజిన్స్ మడమ దెబ్బతిన్న మాట నిజమే, కానీ ఆ దెబ్బ తగలకపోయినా మళ్లీ పదమూడు గెలవడం నాకు నమ్మశక్యంగా లేదు. 2024 చీఫ్స్ కూడా ఇదే కోవ. 15-2, దగ్గరి మ్యాచ్ ఒక్కటీ ఓడలేదు, ఓడిన రెండింట్లో ఒకటి బిల్స్‌తో 9 పాయింట్ల తేడాతో, ఇంకోటి ఆఖరి వారం బ్రాంకోస్‌తో 38-0. తొమ్మిదేళ్లు వరసగా ఏఎఫ్‌సీ వెస్ట్ గెలిచిన టీమ్ అది, 2025లో 6-11కి పడిపోయింది. స్టార్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఉన్నాడని కళ్లు మూసుకుని రాసిన షీట్లు ఎన్నో (పోనీలెండి, ఆ ఏడాది ఎవరు మాత్రం వేరేలా రాశారు).

ఇలాంటి దగ్గరి గెలుపుల మీద బతికిన టీమ్ కనిపిస్తే మళ్లీ గెలుస్తుందని రాసే ముందు కాసేపు ఆగండి. పూర్తిగా కొట్టేయమని కాదు, పది మ్యాచ్‌లు గెలిచే టీమ్ అనుకుని లెక్కేయండి చాలు.

రెండోది నాకు ఎక్కువ ఇష్టమైనది, ఆఖరివాడు. చాలామంది ఆఖరి స్థానం టీమ్ వైపు చూడనే చూడరు, కానీ ఈ లీగ్‌లో ఆఖరు నుంచి మొదటికి ఎగబాకడం దాదాపు ఏటా జరిగే పనే. 2019లో జరగలేదు, 2024లో జరగలేదు, అవి మినహాయింపుల కిందే లెక్క. 2007లో 1-15తో ఉన్న డాల్ఫిన్స్ 2008లో 11-5తో ఏఎఫ్‌సీ ఈస్ట్ గెలిచారు. 2022లో 3-13-1తో (చివరి అంకె టై అయిన మ్యాచ్) ఉన్న హ్యూస్టన్ టెక్సన్స్ 2023లో 10-7తో ఏఎఫ్‌సీ సౌత్ గెలిచారు. 2025లోనైతే ఇద్దరు: పేట్రియట్స్ 4-13 నుంచి 14-3కి, బేర్స్ 5-12 నుంచి 11-6కి.

అయితే ఏ ఆఖరివాడు లేస్తాడు? ఆ చివరి ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే పోలిక కనబడుతుంది. ముగ్గురికీ ఆ ఏడాదే కొత్త హెడ్ కోచ్ వచ్చాడు: డెమీకో రయాన్స్, మైక్ వ్రేబెల్, బెన్ జాన్సన్. ముగ్గురి దగ్గరా డ్రాఫ్ట్‌లో (ఏటా టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేది) మొదటి మూడు స్థానాల్లో తీసుకున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. సీజే స్ట్రౌడ్‌కు అది మొదటి ఏడాది, డ్రేక్ మే, కేలబ్ విలియమ్స్‌లకు రెండో ఏడాది. కుర్రాడి జీతం తక్కువ కాబట్టి మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చు, జీతాల మీద పరిమితి ఉన్న లీగ్‌లో అది చిన్న విషయం కాదు. పేట్రియట్స్‌కైతే షెడ్యూల్ కూడా కలిసొచ్చింది. ఆఖరి స్థానం పుణ్యాన పడిన ఆ మూడు మ్యాచ్‌లు రైడర్స్, టైటన్స్, జెయింట్స్‌తో. (విచిత్రం ఏంటంటే మొదటి వారమే రైడర్స్ చేతిలో ఓడారు, మిగతా ఇద్దరినీ కొట్టారు.) కుర్రాడు ఉన్నంత మాత్రాన సరిపోదు, 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట క్యామ్ వార్డ్‌ను తీసుకున్న టైటన్స్ 3-14 దగ్గరే ఆగారు. అందుకే కొత్త కోచ్, రెండో ఏడాది క్వార్టర్‌బ్యాక్, సులువైన షెడ్యూల్, ఈ మూడూ కలిసిన చోటే నేను సాహసం చేస్తాను. అదీ ఒకటో రెండో, అంతకు మించి వద్దు.

గాయాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే ముందే కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. పేట్రియట్స్ 16-0 సీజన్ ఆడిన మరుసటి ఏడాది, 2008లో, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్‌కే దూరమయ్యాడు, టీమ్ 11-5 సాధించి కూడా ప్లేఆఫ్స్‌కు వెళ్లలేకపోయారు. 2023లో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ జెట్స్ తరఫున మొదటి మ్యాచ్‌లో నాలుగో ప్లేకే నేల మీద కూర్చుండిపోయాడు. మీరు చేయగలిగింది ఒక్కటే, రెండో క్వార్టర్‌బ్యాక్ ఎవరో ఒకసారి చూసుకోవడం.

ప్రీసీజన్ మ్యాచ్‌లు చూసి మాత్రం మనసు మార్చుకోవద్దు. 2008 లయన్స్ ప్రీసీజన్‌లో 4-0, అసలు సీజన్‌లో 0-16. 2017 బ్రౌన్స్ కూడా అచ్చంగా అంతే, 4-0 తర్వాత 0-16. అసలు ఆటగాళ్లు అందులో ఆడేదే తక్కువ. కానీ షీట్ మాత్రం ఆగస్టు చివరిదాకా ఇవ్వకండి. టీమ్‌లు 53 మందికి కుదించుకునేది అప్పుడే, ప్రీసీజన్‌లో ఎవరికి దెబ్బలు తగిలాయో కూడా అప్పటికి తేలిపోతుంది.

అంకెలు కావాలంటే బెట్టింగ్ కంపెనీల రేట్లు చూడండి. టెక్సాస్‌లో బెట్టింగ్ చట్టబద్ధం కాదు, నేను డబ్బు పెట్టమనడం లేదు, చదవమంటున్నాను. +300 అంటే వంద పెడితే మూడొందలు లాభం, అంటే అవకాశం 100ని 400తో భాగిస్తే 25 శాతం. -150 అంటే 150ని 250తో భాగించాలి, 60 శాతం. ఊరికే ఒక ఉదాహరణ, ఒక డివిజన్‌లో నలుగురి రేట్లు -150, +300, +600, +1500 అనుకోండి, మొత్తం కూడితే 105 దాటుతుంది. ఆ పైన ఉన్నది కంపెనీవాడి వాటా, అది తీసేస్తే ఫేవరెట్‌కు దగ్గర దగ్గర 57 శాతం. ఇది చూశాక టెన్షన్ సగం తగ్గుతుంది, ఎందుకంటే ఎనిమిది చోట్లా 60 శాతం ఉన్న ఫేవరెట్‌లనే రాసినా ఎనిమిదీ కరెక్టయ్యే అవకాశం రెండు శాతం కూడా ఉండదు. అయిదు వస్తే మీరు బాగా రాసినట్టే.

ఒక్క ఎన్‌ఎఫ్‌సీ సౌత్ దగ్గర ఇవేవీ సరిగ్గా పనిచేయవు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, అక్కడ 2014లో పాంథర్స్ 7-8-1తో, 2022లో బక్కనీర్స్ 8-9తో గెలిచారు. 2025లో ముగ్గురు 8-9 దగ్గర ఆగితే, ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌ల లెక్కలో పాంథర్స్‌కు దక్కింది, అదీ వాళ్లు ఆఖరి మ్యాచ్ ఓడిన మర్నాడు ఫాల్కన్స్ గెలవడం వల్ల. ఇలాంటి చోట ఫేవరెట్‌ను నమ్ముకుని లాభం లేదు, మీ పూల్‌లో తక్కువమంది రాసే టీమ్‌ను రాయండి. పూల్‌లో లెక్క అదే కదా, అందరూ రాసిన పేరే మీరూ రాస్తే కరెక్టయినా మీరు ముందుకు వెళ్లరు.

కౌబాయ్స్ సంగతికొస్తే, ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్‌లో 2004 తర్వాత రెండేళ్లు వరసగా ఎవరూ గెలవలేదు, 2024, 2025లో ఈగల్స్ గెలిచేదాకా. 2023లో అదే ఈగల్స్ 10-1తో మొదలుపెట్టి 11-6కి జారిపోతే కౌబాయ్స్ 12-5తో ఎగరేసుకుపోయారు. మరుసటి ఏడాది కౌబాయ్స్ 7-10, ఆ తర్వాత 7-9-1. అందుకని కౌబాయ్స్ అసాధ్యమేమీ కాదు. కానీ మీరున్నది డాలస్‌లో, మీ పూల్‌లో సగం మంది నీలం నక్షత్రం (కౌబాయ్స్ గుర్తు) మీద ప్రేమతో వాళ్ల పేరే రాస్తారు. రేట్ల ప్రకారం వాళ్లకు ముప్పై శాతం కూడా లేకపోతే, వేరేవాళ్లను రాయడమే మీకు లాభం. మేనేజర్ ఏమీ అనుకోడు, ఒకవేళ అడిగితే మీరు టెక్సన్స్ అభిమానినని చెప్పండి, హ్యూస్టన్ వాళ్లంటే ఇక్కడ జాలి తప్ప కోపం ఉండదు.