బుజ్జీ, నేలమీద పడుకుని చూడు

బుజ్జీ,

లైసెన్స్ వచ్చిందని, శంషాబాద్‌లో విమానాల రిపేర్లు చూసే లైన్ మెయింటెనెన్స్‌లో నైట్ షిఫ్ట్ వేశారని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మనింట్లో నా తర్వాత ఇంకొకళ్లు ఈ గ్రీజు చేతుల ఉద్యోగంలోకి వస్తారనుకోలేదు, అందులోనూ నువ్వు. మీ అత్తయ్య అప్పుడే వీధంతా చెప్పేసింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం వల్ల. మిగతా సగం ఎందుకో కింద రాస్తున్నా.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తా. టూల్స్ లెక్కపెట్టుకో. మాన్యువల్ కంఠతా వచ్చినా తెరిచి పక్కన పెట్టుకో. ఏ లోపంతో విమానాన్ని ఎన్నాళ్లు నడపొచ్చో చెప్పే ఎంఈఎల్ లిస్టులో పది రోజుల గడువుందని రిపేరు పదో రోజుదాకా లాగకు. చెవులకి మఫ్స్ పెట్టుకో, నా కుడి చెవి ఇప్పుడు సగమే పనిచేస్తోంది, మీ అత్తయ్య తిట్లన్నీ ఆ వైపు నుంచే తిడుతుంది, అదొక్కటే లాభం.

పని ఎగ్గొట్టి సంతకం పెట్టమని నీకెవరూ చెప్పరు. డ్యూటీ మేనేజర్ వచ్చి "ఎంతసేపట్లో?" అంటాడు, అంతే. ఐదు నిమిషాలకి మళ్లీ అదే మాట. మూడోసారికి నీ చెయ్యే తొందరపడుతుంది. నువ్వసలే చిన్నప్పుడు చుక్కలు పూర్తిగా పెట్టకుండానే ముగ్గు కలిపేసేదానివి.

ముంబైలో పనిచేసేటప్పటి సంగతి ఒకటి ఉంది. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జూలై, కుండపోత వాన, ఆ రాత్రి నాకూ, నా కింద పనిచేసే కుర్రాడికీ కలిపి నాలుగు విమానాలు. ఒక ఏ320లో ఎడమ ఇంజిన్ జనరేటర్ డ్రైవ్ ఆయిల్ చూడాలని ఇంజిన్ మీది మూత, అదే ఫ్యాన్ కౌల్, తెరిచాం. ఆయిల్ తక్కువగా ఉంది, నింపే గన్ స్టోర్స్‌లో ఉంది. దానికోసం వెళ్తుంటే దారిలోనే ఇంకో విమానం నిలిపిన బే నుంచి పిలుపు, బ్రేకు సమస్య, అక్కడ గంటన్నర పోయింది. నేను తిరిగొచ్చేసరికి నాలుగున్నర. కుర్రాడు ఆయిల్ నింపి కౌల్ దించేశాడు. "అయిపోయింది సార్" అన్నాడు.

ఆ ఇంజిన్ నేలకి ఎంత దగ్గరగా ఉంటుందో నీకు తెలుసు. కౌల్‌ని బిగించి పట్టే గొళ్లేలు, అవే లాచ్‌లు, అడుగున ఉంటాయి, నాలుగూ చూడాలంటే నేలమీద పడుకోవాలి. కింద నీళ్లు నిలిచి ఉన్నాయి, అప్పుడే పొడి షర్టు మార్చుకున్నాను. నిలబడి చూస్తే కౌల్ మూసినట్టే ఉంది. విమానం రికార్డు పుస్తకం టెక్ లాగ్‌లో సంతకం పెట్టేశాను. వాడు కౌల్ దించాడు గానీ లాచ్‌లు వెయ్యలేదు, అది నేను చేస్తాననుకున్నాడట. వాడి తప్పు కాదు, సంతకం నాది.

కో-పైలట్ గొడుగు పట్టుకుని చుట్టూ తిరిగి చూస్తూ ఇంజిన్ దగ్గర వంగాడు. పాతికేళ్లు కూడా ఉండవు. కేకలెయ్యలేదు. నన్ను పిలిచి వేలు చూపించాడు. లాచ్ హ్యాండిల్స్ నాలుగూ వేలాడుతున్నాయి, వాటి చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అప్పటికే ప్రయాణికులు ఎక్కుతున్నారు. ఆ నీళ్లలోనే పడుకుని నాలుగూ బిగించాను. విమానం టైముకే వెళ్లింది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. రిపోర్ట్ రాయలేదు. కుర్రాణ్ణి కూడా నోరెత్తొద్దన్నాను. ప్రమోషన్ లిస్ట్ వచ్చే నెల అది, మీ అమ్మ పెళ్లి కూడా దగ్గరపడింది, ఇప్పుడెందుకులే అనుకున్నా. అప్పుడే రాసి ఉంటే, గన్ స్టోర్స్‌లో కాకుండా బండిలోనే ఉంచాలని, నలుగురు చెయ్యాల్సిన పని ఇద్దరికి అప్పగిస్తున్నారని ఎవరికైనా తెలిసేది. నేను దాచాను కాబట్టి పక్కవాడు కూడా అదే వానలో అదే తప్పు చెయ్యడానికి దారి అలాగే ఉండిపోయింది.

2013 మే నెలలో లండన్ హీత్రూలో ఏ319 ఒకటి లేచీ లేవగానే రెండు ఇంజిన్ల కౌల్స్ ఊడిపోయాయి. ఒక ఇంజిన్‌కి మంటలంటుకున్నాయి, అయినా అందరూ క్షేమంగా దిగారు. ముందు రాత్రి ఆయిల్ పని కోసమే కౌల్స్ తెరిచారు, లాచ్‌లు వెయ్యకుండా వదిలేసి వెళ్లారు. పని పూర్తి చేద్దామని తిరిగొచ్చినవాళ్లు పొరపాటున వేరే విమానం దగ్గరికెళ్లారు. అక్కడ కౌల్స్ మూసే ఉండటంతో ఇంకెవరో మూసేశారనుకున్నారు. ఆ వార్త చదివాక నేను పేపరు మడిచి బయటికెళ్లి అరగంట ఊరికే నడిచాను. మీ అత్తయ్య బీపీ అనుకుంది.

మా కథ, వాళ్ల కథ అలా గట్టెక్కాయి. 1991లో టెక్సస్‌లో గట్టెక్కలేదు. ఒక షిఫ్ట్ వాళ్లు తోక రెక్క అంచుకి ఎడమవైపు పైన 47 స్క్రూలు విప్పారు, ఆ మాట తర్వాతి షిఫ్ట్‌కి అందలేదు, పొద్దున విమానం ఎగిరింది. 14 మంది పోయారు. కాబట్టి షిఫ్ట్ మారేటప్పుడు ఎంత నిద్రొస్తున్నా సరే, ఏది విప్పావో, ఏది మిగిలిందో కాగితం మీద పెట్టి ఆ మనిషిని విమానం దగ్గరికి తీసుకెళ్లి చూపించు. విసుక్కుంటారు, విసుక్కోనీ.

"అయిపోయింది మేడమ్" అని ఎవరన్నా సరే, వాళ్లని నమ్ము గానీ వెళ్లి చూసిరా. బట్టలు పాడవుతాయి, పాడవనీ. లేటైందని మీద అరిస్తే, "ఈ సంతకం మీరు పెడతారా?" అని మర్యాదగా అడుగు. నాకు తెలిసి ఒక్కడూ పెట్టలేదు. అయినా ఎప్పుడో ఒకప్పుడు నీకూ ఏదో ఒకటి తప్పిపోతుందే తల్లీ. ఆ రోజు తెల్లారేలోపు రిపోర్ట్ రాసెయ్. భయమేస్తే ముందు నాకు ఫోన్ చెయ్, రెండు గంటలైనా మూడు గంటలైనా పర్లేదు. నేనెలాగూ ఆ టైముకి మేలుకునే ఉంటాను, ఆ అలవాటు ఇంకా పోలేదు.

తలకి కట్టుకునే టార్చ్ ఒకటీ, మడతపెట్టే రబ్బరు చాప ఒకటీ కొరియర్‌లో పంపాను. చాప చూసి నీ ఫ్రెండ్స్ నవ్వుతారు. ఆదివారం భోజనానికి రా, మీ అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంటోంది. నైట్ డ్యూటీ దిగి స్కూటీ మీద మాత్రం రాకు, ఆటోలో రా, డబ్బులు నేనిస్తాను.

మీ మామయ్య