ఆ ఆరు నెలలూ రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. అన్నదమ్ములిద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని, ఒక్క మాటా లేకుండా లేచిపోయే ఘట్టం బాగుంది. కానీ పన్నెండో అధ్యాయం దగ్గర ఒళ్లు మండింది. 1944లో కమ్యూనిస్టు అయిన పెద్దవాడికి కొమింటర్న్ నుంచి, అంటే మాస్కోలోని అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ నుంచి, ఉత్తర్వు వచ్చిందా? కొమింటర్న్‌ను 1943 మేలోనే రద్దు చేశారమ్మా. మిత్రదేశాలకు నమ్మకం కలగాలని స్టాలినే మూసేయించాడు. తేదీ అయితే దిద్దుకోవచ్చు. "ఉత్తర్వు వచ్చింది, మారిపోయాడు" అన్న ఆలోచన ఉందే, దాంతోనే నా పేచీ.

హిట్లర్ సోవియట్ మీద పడింది 1941 జూన్ 22న. ఇక్కడి కమ్యూనిస్టు పార్టీ ఆ యుద్ధాన్ని "ప్రజాయుద్ధం" అని, దాన్ని సమర్థించాలన్నది డిసెంబరులో. మధ్యలో ఆరు నెలలు! ఇది సామ్రాజ్యవాద యుద్ధం, పైసా ఇవ్వొద్దని ఊరూరా చెప్పి జైలుకెళ్లినవాళ్లు, అజ్ఞాతంలో ఉన్నవాళ్లు తమలో తాము తెగ కొట్లాడుకున్న కాలం అది. రాజస్థాన్‌లోని దేవలీ నిర్బంధ శిబిరంలో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలు తమ వాదన రాసి రహస్యంగా బయటికి పంపారు. నీ పెద్దవాడు అప్పుడు రాజమండ్రి జైల్లోనే ఉన్నాడు. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. రాత్రి బ్యారక్‌లో పక్కవాడితో వాదించనీ, ఓడిపోనీ, తెల్లారి మళ్లీ మొదలుపెట్టనీ.

చిన్నవాడు బోసు మనిషి. ఆసియా ఆసియావాళ్లదే అన్న మాటను నమ్మాడు. ఆ మాట చెప్పిన జపాను 1910 నుంచి కొరియాను ఏలుతోంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేసింది. నీ కుటుంబం కాకినాడదే కదా, ఆ రోజు గురించి ఒక్క ముక్కా లేదేం? బెర్లిన్ నుంచి వచ్చే బోసు గొంతు కోసం రేడియో తిప్పిన కుర్రాడు ఆ రాత్రి ఏం చేశాడు?

ఆ రోజుకి పాత్రకు ఏం తెలుసో అంతే రాయాలి. మనకు తర్వాత తెలిసింది వాడి నెత్తిన రుద్దకూడదు. దీనికోసం నేను చాలా పోగొట్టుకున్నాను. నలభై రెండు క్విట్ ఇండియా రోజుల మీద కథ రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు కమ్యూనిస్టును ద్రోహిని చెయ్యమన్నాడు. ఇంకో పత్రికవాళ్లు అతన్నే వీరుణ్ణి చెయ్యమన్నారు. ఇద్దరికీ మనిషి అక్కర్లేదు. ఆ కథ ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలో పడి ఉంది. ఇప్పటి పోటీల జడ్జీలకూ తీర్పే కావాలి.

ప్రచురణ సంగతి తర్వాత. 1942 జులైలో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. నెల తిరక్కుండానే, ఆగస్టు 12న, తెనాలిలో క్విట్ ఇండియా ఉద్యమకారుల మీద పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయారు. ఆ కబురు ఇంటికి చేరినప్పుడు చిన్నవాడు అన్నను ఏమడిగాడు, అన్న ఏం చెప్పాడు? ముందు అది రాసి పంపు.