సిమ్యులేషన్ ల్యాబ్: చిత్రం కన్నా మాట ముందు

ప్రశ్న: మా నర్సింగ్ కాలేజీలో సిమ్యులేషన్ ల్యాబ్‌కు (రోగికి బదులు బొమ్మ మీద సాధన చేసే చోటు) 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న గది ఇచ్చారు. మంచం, మానికిన్ (రోగి ఆకారంలోని బొమ్మ), పేషెంట్ మానిటర్ ఉన్నాయి. విద్యార్థుల సాధనను రికార్డు చేసే సిస్టమ్‌కు కొటేషన్ తెప్పిస్తే మానికిన్ ధరను మించిపోయింది. తక్కువలో అయ్యే దారి ఉందా?
– ట్యూటర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంది. 2 మెగాపిక్సెల్ ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచేవి) 3, వాటికి అదే కేబుల్‌లో కరెంటు కూడా ఇచ్చే పీఓఈ స్విచ్ 1, మానిటర్ తెరను కంప్యూటర్‌లోకి తెచ్చే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ స్టిక్ 1, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్, ఉచితంగా దొరికే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో. వీటితో పని జరుగుతుంది. 4కే కెమెరాలు అంటగట్టబోతే వద్దనండి. మూడు కెమెరాలు, మానిటర్ కలిపి ఒకే 1080పీ తెరలో నాలుగు గళ్లుగా పెడితే ఒక్కో గడికి దక్కేది 960×540 పిక్సెళ్లే. మిగతాదంతా దండగ.

మొదటి కెమెరా మంచం కాళ్లవైపు గోడకు, ఏడున్నర అడుగుల ఎత్తున పెట్టండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో అందులో తెలుస్తుంది. రెండోది మంచం పక్కన, మానికిన్ ఛాతీ ఎత్తులో. సీపీఆర్‌లో ఛాతీ 5–6 సెంటీమీటర్లు దిగుతోందా, మోచేతులు వంగుతున్నాయా అన్నది పైనుంచి చూస్తే అంతుచిక్కదు. మూడోది మందుల ట్రాలీ మీదికి. లేబుల్ మీది అక్షరాలు ఎలాగూ కనబడవు కాబట్టి మందు పేరు, మోతాదు పైకి చదవమనండి. వార్డులోనూ పనికొచ్చే అలవాటే.

మానిటర్ సిగ్నల్‌ను స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి ఒకటి తెరకు, ఒకటి క్యాప్చర్ స్టిక్‌కు ఇవ్వండి. మానిటర్‌కు పాత రకం వీజీఏ సాకెట్ మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి.

కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చవకగా అమ్మే క్యాట్‌6 నెట్‌వర్క్ కేబుల్‌లో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. తీగ కొసను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. అల్యూమినియంలో వోల్టేజీ ఎక్కువ పడిపోతుంది. పగలు బాగానే నడిచిన కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే రీస్టార్ట్ అవుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

డిస్క్ లెక్క తేలిక. సెకనుకు 6 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 2.7 జీబీ. రోజుకు 3 గంటలు, నెలకు 25 రోజులైతే సుమారు 203 జీబీ. 1 టీబీ డిస్కు నాలుగు నెలలు దాటి వస్తుంది.

ప్రశ్న: వీడియోలో చిత్రం బాగుంది కానీ ఫ్యాను హోరులో విద్యార్థుల మాటలు వినబడటం లేదు. కెమెరాలోని మైకు సరిపోదా?
– పటమట, విజయవాడ

జవాబు: సరిపోదు. డబ్బు ముందుగా పెట్టాల్సింది ఇక్కడే. డీబ్రీఫింగ్‌లో (సాధన అయ్యాక రికార్డింగ్ చూస్తూ జరిపే చర్చ) తగువంతా మాటల దగ్గరే వస్తుంది: ‘అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్’ అని చెప్పారా లేదా, విన్నవాళ్లు తిరిగి పలికారా లేదా. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నోటికి అడుగు దూరంలో ఉన్న మైకు కంటే 8 అడుగుల దూరంలో ఉన్నదానికి 18 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది. ఫ్యాను హోరు మాత్రం తగ్గదు.

బెజవాడ ఎండల్లో ఫ్యాను ఆపమని ఎవరు చెప్పగలరు? అందుకే మైకునే నోటి దగ్గరికి తీసుకెళ్లాలి. ఒక రిసీవర్‌కు రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండే వైర్‌లెస్ కాలర్ మైకులు తీసుకుని టీమ్ లీడర్‌కు ఒకటి, మందులిచ్చే విద్యార్థికి ఒకటి తగిలించండి. మంచం తలవైపు గోడకు వైరు మైకు ఇంకొకటి ఉండాలి. ఆటో గెయిన్ (మైకు శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే సెట్టింగ్) ఆపేయండి. అది ఉంటే ఎవరూ మాట్లాడని క్షణంలో ఫ్యాను చప్పుడును పైకి లాగుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు ఓబీఎస్‌లోని మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు.

గోడలకు టైల్స్ ఉంటే మాట మోగుతుంది. కోడిగుడ్ల అట్టలు అంటించి లాభం లేదు. రెండు గోడలకు మందపాటి జంపఖానాలో, బొంతలో వేలాడదీయండి.

పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరదు కూడా. ఐపీ కెమెరా చిత్రం మైకు కన్నా ఆలస్యంగా వస్తుంది. కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. చప్పుడు వినబడ్డాక చేతులు కలవడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. 25 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. 8 ఫ్రేములైతే ఓబీఎస్‌లో మైకు సింక్ ఆఫ్‌సెట్ (మాటను ఆలస్యం చేసే సెట్టింగ్) 320 మిల్లీసెకన్లు పెట్టండి.

మానికిన్ ‘గొంతు’కు, అంటే కంట్రోల్ రూమ్ నుంచి ట్యూటర్ రోగిలా మాట్లాడే మాటలకు, బ్లూటూత్ స్పీకర్ వాడితే జవాబులు ఆలస్యంగా వస్తాయి. దిండు కింద వైరు స్పీకర్ పెట్టండి. కంట్రోల్ రూమ్‌లో వినేది హెడ్‌ఫోన్‌లోనే, లేదంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి కూత మొదలవుతుంది.

ప్రశ్న: కరెంటు పోతే ఆ రోజు ఫైలు మొత్తం తెరుచుకోవడం లేదు. చిత్రంలో చారలు కూడా పాకుతున్నాయి.
– తెనాలి

జవాబు: ఫైలును ఎంపీ4గా రికార్డు చేస్తున్నట్టున్నారు. మామూలు ఎంపీ4కు సూచిక (ఫైలులో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) రికార్డింగ్ చివర్లో రాయబడుతుంది, మధ్యలో ఆగితే అది ఉండదు. ఎంకేవీలో రికార్డు చేసి, తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసుకోండి, అంటే ఎంపీ4గా మార్చుకోండి. యూపీఎస్‌కు కంప్యూటర్‌తో పాటు పీఓఈ స్విచ్‌ను కూడా కలపండి. చాలామంది ఇది మరిచిపోతారు, కంప్యూటర్ నడుస్తూ ఉంటుంది, కెమెరాలు మాత్రం చచ్చిపోతాయి. చారలకు కారణం కెమెరా 60 హెర్ట్జ్‌లో ఉండటం. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి మార్చండి.

ప్రశ్న: విద్యార్థుల వీడియోలు ఎన్నాళ్లు ఉంచాలి?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: డీబ్రీఫింగ్ అయ్యేదాకా చాలు. దేనికి రికార్డు చేస్తున్నారో, ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో రాసి ముందే సంతకం తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతికి పెద్దపీట వేసింది. కెమెరాలకు ఇంటర్నెట్ ఇవ్వకండి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చేయండి. క్లాసు వాట్సాప్ గ్రూపులోకి క్లిప్పు ఒక్కటి వెళ్లినా, తర్వాతి బ్యాచ్ మైకు ముందు నోరు తెరవదు.