డాక్టర్ సలహా: మోటివేషన్ సంగతి తర్వాత, ముందు థైరాయిడ్ చూపించుకోండి

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 26. పగలు ఉద్యోగం, రాత్రి మా ఏరియా బీజీఎంఐ (మొబైల్‌లో ఆడే షూటింగ్ గేమ్) కమ్యూనిటీ పని. స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు), టోర్నమెంట్లు, డిస్కార్డ్ చాట్ గ్రూప్, లైవ్ స్ట్రీమ్ అన్నీ నేనే చూసుకుంటాను. మా పిల్లలకు ఈస్పోర్ట్స్‌లో (వీడియో గేమ్ పోటీల్లో) గుర్తింపు తేవాలని నా ఆశ. నాలుగు నెలలుగా అస్సలు ఓపిక ఉండట్లేదు. బాగానే తింటున్నా ఆరు కిలోలు తగ్గాను. గుండె దడ, చేతుల వణుకు ఉన్నాయి. రాత్రి ఎనర్జీ డ్రింక్ తాగుతాను. ఫ్రెండ్ చెప్పాడని ఫైనల్స్ రోజు దడ, వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్, నిద్రకు అప్పుడప్పుడు అల్‌ప్రజోలామ్, జుట్టు రాలుతోందని రోజూ బయోటిన్ వేసుకుంటున్నాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇన్‌హేలర్ వాడాను. మోటివేషన్ పోకుండా ఉండాలంటే ఏం చేయాలి? విటమిన్లు వాడాలా?

జవాబు: మీరు అడిగింది మోటివేషన్ గురించి. నన్ను ఆపింది మాత్రం ఆ ఆరు కిలోలు. బాగా తింటూ బరువు తగ్గడం, దడ, వణుకు, జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం అన్నీ కలిసి కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో చూస్తారు. అదేనని నేను అనడం లేదు, మిమ్మల్ని చూడకుండా అనలేను కూడా. షుగర్ కావచ్చు. సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ సంగతీ చూడాలి. ఇవేవీ కాదని తేలాకే పని ఒత్తిడి దాకా వెళ్లాలి. ఈ రోజుల్లో అందరూ ‘బర్నౌట్’ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) అని పేరు పెట్టేసుకుని పరీక్షలు వాయిదా వేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే చెప్పింది.

ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. థైరాయిడ్ పరీక్షలైన టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, రక్తకణాలను లెక్కించే సీబీపీ, షుగర్, ఈసీజీ అవసరం పడొచ్చు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపండి, ల్యాబ్‌లో కూడా ఆ మాట చెప్పండి. జుట్టు కోసం వాడే డోసులో అది ఒంట్లో ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ జబ్బు లేకపోయినా ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఈలోగా పొద్దున నిద్ర లేవగానే, కాఫీ తాగకముందే, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టి రాసుకోండి. రోజూ వంద దాటుతుంటే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. చిన్నప్పటి ఆయాసం గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ ఊపిరి గొట్టాలు బిగుసుకునేలా చేయగలదు. ఒకే మాత్రతో ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకోవద్దు. థైరాయిడ్‌లో మేమూ ఈ మందు రాస్తాం, కానీ ఆయాసం ఉందా అని అడిగాకే రాస్తాం. మీ ఫ్రెండ్ అడిగాడా? పైగా అది దడను, వణుకును కప్పేస్తుంది, అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. ఫైనల్స్ రోజు మాత్రమే వేసుకుంటున్నానన్నారు కాబట్టి ఇక ముట్టుకోకండి. రోజూ వేసుకుంటున్న మాట నిజమైతే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను అడిగి ఆపండి. అల్‌ప్రజోలామ్ విషయంలోనూ అంతే. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. మీకెలా దొరికిందో నేను అడగను. మద్యంతో కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు.

ఆటకు గుర్తింపు కావాలంటున్నారు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. క్రీడ అన్నాక మందుల నిబంధనలూ వెంట వస్తాయి. షూటింగ్, ఆర్చరీలో ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు నిషేధిత జాబితాలో ఉన్నాయి. ఈస్పోర్ట్స్‌లో టోర్నమెంట్లు నిర్వహించే ఈఎస్ఎల్ సంస్థ 2015లోనే డోపింగ్ పరీక్షలు మొదలుపెట్టింది. మీ దగ్గర ఆడే పిల్లలు మీరు మింగేదే మింగుతారు.

ఎనర్జీ డ్రింక్ చిన్న క్యాన్‌లో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రాత్రి 11కి తాగితే తెల్లవారుజామున 4కి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. అది నిద్ర చెడగొడుతుంటే మీరు నిద్రమాత్ర వేసుకుంటున్నారు! ఇంకా దడగా ఉన్నన్నాళ్లు మానేయండి. స్క్రిమ్స్ సాయంత్రం 7కి మొదలుపెట్టి 10కి ముగించండి (స్క్రిమ్స్ అంటే ఏంటో మా అబ్బాయి పుణ్యమా అని నాకూ తెలుసు). స్కూలు పిల్లలుంటే అది మరీ ముఖ్యం. రూమ్ ఐడీ పంపడం, రిజల్ట్ షీట్ వేయడం వేరేవాళ్లకు అప్పగించండి. మీరు రెండు నెలలు పక్కన ఉంటే కమ్యూనిటీ ఏమీ కూలిపోదు.

రిపోర్టులన్నీ నార్మల్ వచ్చి, అప్పుడూ దేని మీదా ఆసక్తి లేకపోతే డిప్రెషన్ కోణంలో సైకియాట్రిస్ట్‌ను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. విటమిన్లు సొంతంగా కొనొద్దు, లోపం ఉందని తేలితే డాక్టరే రాస్తారు.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం, పొద్దున లేచేసరికి కాళ్లు కదలకపోవడం, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు వాడిన మందుల స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. నోటితో చెబితే ఇన్‌హేలర్ సంగతి చెప్పినట్టే సగం చెప్పి వస్తారు.