ఇంటి పని చేస్తే పిల్లలకు డబ్బులివ్వాలా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మావారికి స్టేషనరీ షాపు ఉంది. అమ్మాయికి 16 ఏళ్లు, అబ్బాయికి 13. ఈమధ్య వాడు ఏ పని చెప్పినా 20 రూపాయలు అడుగుతున్నాడు. సెలవుల్లో షాపులో కుర్రాణ్ని మాన్పించి వీణ్ని కూర్చోబెడదామని, జీతం కూడా మిగులుతుందని మావారు అంటున్నారు. అమ్మాయి పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పి నెలకు 3,000 సంపాదిస్తోంది. ఆ డబ్బు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అబ్బాయి 20 అడుగుతున్నాడని రాశారు గానీ, అమ్మాయి ఎంత అడుగుతుందో రాయలేదు. ఏమీ అడగదేమో. గిన్నెలు సర్దడం, బట్టలు మడతపెట్టడం ఆ పిల్ల వంతుకు వచ్చేసి ఉంటాయి. ముందు అది సరిచేయండి. తిన్న కంచం తీయడం, నీళ్ల బాటిళ్లు నింపడం, ఆరిన బట్టలు తేవడం ఇద్దరికీ సమానంగా పంచండి. వీటికి రూపాయి కూడా ఇవ్వకండి. డబ్బుకి అలవాటు చేస్తే, జేబు నిండుగా ఉన్న రోజు వాడు 'నాకివాళ వద్దులే' అంటాడు. అప్పుడు మీ దగ్గర జవాబుండదు.

పాకెట్ మనీ మాత్రం పనితో ముడిపెట్టకుండా ఇవ్వండి. ఒకటో తారీఖున 400 చేతిలో పెట్టండి. పదిహేనుకే అయిపోతే మళ్లీ ఇవ్వకండి. తల్లికి ఇది కష్టమే, నాకు తెలుసు. పైన కాస్త కావాలంటే పాత పేపర్లు అమ్మే బాధ్యత వాడికి అప్పగించండి. మా ఇంట్లో అదే చేశాం. మావాడు మొదటిసారి తూకం వైపే చూడలేదు. రెండోసారి పేపర్ల కట్ట కింద ఆనకుండా కొక్కేనికి పూర్తిగా వేలాడే వరకు ఆగి, ముల్లు నిలిచాక అంకె చదివాడు. కిలో ధర కూడా ముందే అడిగాడు.

షాపు సంగతిలో మీవారి ఆలోచన ఆపండి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. సొంత కుటుంబ వ్యాపారంలో సాయం చేయడానికి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ మినహాయింపు ఇచ్చింది గానీ, తర్వాత వచ్చిన రూల్స్ దానికి గట్టి హద్దులు పెట్టాయి. బడి వేళల్లో గానీ, రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు గానీ పని చెప్పకూడదు. రోజుకు మూడు గంటలు మించకూడదు. పెద్దవాళ్లు చేసే పనికి బదులుగా పిల్లవాణ్ని పెట్టకూడదు, ఆ పని ఆదాయం తెచ్చేది కాకూడదు. అంటే కుర్రాణ్ని మాన్పించి జీతం మిగుల్చుకోవడం కుదరదు. ఆ కుర్రాడి బతుకు గురించి కూడా ఒక్కసారి ఆలోచించమనండి. మీవాడు సాయంత్రం ఓ గంట నాన్న పక్కన కూర్చుని, ఒక నోట్‌బుక్ ఎంతకు కొన్నారో, ఎంతకు అమ్ముతున్నారో, షాపు అద్దె ఎంతో వింటే చాలు.

ఇక అమ్మాయి డబ్బు. అది ఆమెదే. ఆదాయపు పన్ను లెక్కలో మైనర్ల ఆదాయాన్ని మామూలుగా తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవారి ఆదాయంలో కలుపుతారు. సొంత శ్రమతో, నైపుణ్యంతో సంపాదించినదానికి అది వర్తించదు. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని మాత్రం కలుపుతారు. పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే ఖాతా తెరవవచ్చు. నెలకు 2,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయించి, మిగతా వెయ్యి ఆమె ఇష్టానికి వదిలేయండి. పరీక్షల నెలల్లో ట్యూషన్ ఆపేయాలి, అప్పుడు ఆ డిపాజిట్ కట్టడానికి ముందే కొంత పక్కన పెట్టించండి.

కరెంటు బిల్లుకో, చీటీకో ఆ డబ్బు సర్దుకోవద్దు. తప్పనిసరైతే అప్పుగా అడిగి, పుస్తకంలో రాసి, చెప్పిన తారీఖుకి తిరిగివ్వండి.