ముందు శృతి కుదరాలి

ప్రశ్న: చుట్టుపక్కల వాళ్లం పన్నెండు మందిమి కలిసి పాటల బృందం పెట్టుకోవాలనుకుంటున్నాం. ఎవరికీ సంగీతం రాదు. ఇద్దరికైతే శృతే నిలవదు. వద్దని చెప్పడానికి మనసొప్పడం లేదు. పరీక్ష పెట్టి తీసుకోవాలా? మొదటి రోజుల్లో ఏం చేయాలి?

జవాబు: పరీక్ష పెట్టకండి. ఆ ఇద్దరినీ తప్పకుండా తీసుకోండి.

మా బృందం మొదలైన రోజు తొమ్మిది మందిమి. హార్మోనియం నాది కాబట్టి శృతి (పాటంతటికీ ఆధారమైన షడ్జమం, అంటే ‘స’) నేనే పెట్టాను, నా మగ గొంతుకు అలవాటైన ఒకటిన్నర శృతిలో. పల్లవి బాగానే నడిచింది. చరణం పై షడ్జమం (పై ‘స’) దాటేసరికి ఆడవాళ్లు అరవాల్సి వచ్చింది. పోనీ నాతోపాటు కింది స్థాయిలో (‘స’ నుంచి పై ‘స’ వరకు ఒక స్థాయి) పాడండి అంటే గొంతే పెగల్లేదు. మరుసటి వారం ఐదుగురే వచ్చారు. పాట కష్టమని మానేశారనుకున్నాను. కష్టమంతా నేను పెట్టిన శృతితోనే వచ్చిందని తెలియడానికి నెల పట్టింది.

అందుకే పాట ఎత్తుకునే ముందు అందులో అన్నిటికంటే కింది స్వరం ఏదో, పై స్వరం ఏదో చూసుకోండి. ఆ రెండూ అందరికీ హాయిగా అందేలా షడ్జమం పెట్టండి. మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఒక స్థాయి పైన పాడుకుంటారు. మొదట్లో ఒక స్థాయి లోపలే తిరిగే పాటలు ఎంచుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఇక శృతి నిలవని వాళ్ల మాట. మాలో ఒకావిడ పెదవులు మాత్రమే కదిపేవారు. చిన్నప్పుడు బడిలో టీచర్ “నువ్వు పాడకు, నోరు ఆడించు చాలు” అన్నారట. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను స్వరం ఇస్తే ఆవిడ ఎక్కడో మధ్యలో పట్టుకునేవారు. ఒకరోజు నా బదులు ఇంకో ఆవిడ స్వరం అందించారు. వెంటనే కలిసిపోయింది! మగ గొంతు విని, దానికి పై స్థాయి స్వరాన్ని తన గొంతులో వెతుక్కోవడం అలవాటు లేనివాళ్లకు కష్టం. తన లాంటి గొంతు వింటే సులువు. మీ బృందంలోని ఆ ఇద్దరికీ ముందు ఇదే చేసి చూడండి. గట్టిగా, నిలకడగా పాడే ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. అందరూ అర్ధచంద్రాకారంలో కూర్చుంటే ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది. పక్కవాళ్ల గొంతు వినపడనంత గట్టిగా ఎవరూ పాడకూడదు. మేం పెట్టుకున్న నియమం అదొక్కటే.

పొడుగాటి దీర్ఘాల దగ్గర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగిపోతుంది. పక్కపక్క వాళ్లు వేరువేరు చోట్ల తీసుకునేలా ముందే అనుకోండి.

సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనర్, బాస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) అంటూ నాలుగు వేరువేరు వరసలకు అప్పుడే పోకండి. సగం మంది ఆధార షడ్జమం పట్టుకుని నిలబడితే, మిగతా సగం మంది పాట పాడాలి. తర్వాత మార్చుకోవాలి. వేరే వరస వినిపిస్తున్నా తన స్వరం మీద నిలబడడం దీంతోనే అలవాటవుతుంది. మాకు ఇది కుదరడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ పెదవులు కదిపిన ఆవిడ ఇప్పటికీ మాతోనే పాడుతున్నారు. కొత్తగా చేరే ఆడవాళ్లకు స్వరం అందించేది ఇప్పుడు ఆవిడే.